కొన్న పీసీ గేమ్‌లు, ఆన్‌లైన్ యాక్టివేషన్ తలనొప్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో సిస్టమ్‌లు బాగుచేసే బల్ల దగ్గర కూర్చునేవాడికి దసరా, సంక్రాంతి సెలవుల్లో వినిపించే ప్రశ్నలు ఏటా ఇంచుమించు ఒకటే. రాజాం నుంచి ఒకడు, చీపురుపల్లి నుంచి ఒకడు, ఆమదాలవలస నుంచి ఇంకొకడు వస్తారు. గేమ్ కొన్నారు, డబ్బులు కట్టారు, తీరా ఆడబోతే తెర మీద ఏదో నంబరుతో ఎర్రర్. వాళ్ళడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాశాను. దొంగ కాపీలు ఆడేవాళ్ళకి ఇది పనికిరాదు, వాళ్ళకి ఈ బాధలే లేవు. కడుపుమంటంతా అక్కడే.

అన్నా, డబ్బులు కట్టేశాను కదా, మళ్ళీ ఈ యాక్టివేషనేటి?

మీరు డబ్బు కట్టింది గేమ్‌కి కాదు, ఆ గేమ్ ఆడుకునే అనుమతికి. ఆ అనుమతి ఎవరిది, ఏ సిస్టమ్ మీద అని కంపెనీ తేల్చుకోవడమే యాక్టివేషన్. గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు మీ ప్రాసెసర్, మదర్‌బోర్డు, విండోస్ వివరాలు కొన్ని కలిపి ఒక గుర్తు తయారు చేస్తుంది. ఆ గుర్తునీ, మీ ఖాతా వివరాలనో సీరియల్ కీనో సర్వర్‌కి పంపుతుంది. అక్కడ సరేనంటే చిన్న లైసెన్స్ ఫైల్ ఒకటి తిరిగొచ్చి మీ సిస్టమ్‌లో కూర్చుంటుంది. తర్వాత గేమ్ తెరిచినప్పుడల్లా ఆ ఫైల్‌నీ మీ సిస్టమ్‌నీ సరిచూసుకుంటుంది. సరిపోతే ఆట మొదలు, లేకపోతే మళ్ళీ సర్వర్ గుమ్మం ముందుకి.

కొన్ని గేమ్‌లకి ఈ తంతు ఒక్కసారితో సరి. కొన్ని ఉండుండి మళ్ళీ అడుగుతాయి. ఇంకొన్ని ఆడుతున్నంతసేపూ సర్వర్‌ని వదలవు. కొనేముందు మీరు కొనబోయేది ఈ మూడింట్లో ఏ రకమో చూసుకోవాలి. గ్రాఫిక్స్ కార్డు సరిపోతుందా లేదా అని రాత్రంతా వీడియోలు చూసేవాళ్ళు ఈ ఒక్కటీ చూడరు.

నా దగ్గర ఒరిజినల్ డీవీడీ ఉంది. అది పెడితే చాలదా?

2004 నవంబరులో హాఫ్ లైఫ్ 2 అనే గేమ్ వచ్చినప్పుడే, డిస్కు పెడితే చాలన్న రోజులు మారడం మొదలైంది. డబ్బాలో డిస్కు ఉన్నా స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల అంగడిలో ఖాతా తెరిచి, నెట్టు ద్వారా యాక్టివేట్ చేస్తేనే ఆట. అప్పట్లో మన ఊళ్ళలో డయలప్ కనెక్షన్ ఉండడమే గొప్ప. తర్వాత తర్వాత డబ్బాలో డిస్కు పేరుకే మిగిలింది. తెరిచి చూస్తే ఒక కీ ఉన్న కాగితం, అసలు గేమంతా నెట్టులోంచి దింపుకోవాల్సిందే.

అంతకంటే పాత డిస్కులది వేరే కథ. వాటిలో చాలావాటికి సేఫ్‌డిస్క్, సెక్యూరోమ్, స్టార్‌ఫోర్స్ లాంటి తాళాలుండేవి. మామూలు రైటర్‌తో కాపీ చేస్తే రాని గుర్తులు డిస్కులో పెట్టి, వాటిని చదవడానికి విండోస్ లోపల ఒక డ్రైవర్ దించేవారు. సేఫ్‌డిస్క్ డ్రైవర్‌లో భద్రతా లోపం ఉందని మైక్రోసాఫ్ట్ 2015లో విండోస్ 10లో దాన్ని పూర్తిగా తీసేసింది. అదే ఏడాది సెప్టెంబరు అప్‌డేట్‌తో విండోస్ 7, 8లో కూడా ఆపేసింది. డిస్కు మీద గీత లేదు, డ్రైవు బాగుంది, అయినా గేమ్ తెరుచుకోదు. ఇంటర్లో కొన్న సీడీలు పదిలంగా దాచుకుని కొడుక్కి చూపిద్దామని తెచ్చేవాళ్ళకి ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది. అలాంటి గేమ్ జీఓజీ అనే ఇంకో ఆన్‌లైన్ అంగడిలో గానీ స్టీమ్‌లో గానీ కొత్తగా సరిచేసి అమ్ముతున్నారేమో ముందు చూడండి. సేల్ రోజుల్లో పాత గేమ్‌లు బాగా చవగ్గా దొరుకుతాయి. ఒకే గేమ్‌కి రెండుసార్లు డబ్బు కట్టడం అన్యాయమే, కాదనను. పాత సిస్టమ్‌లో విండోస్ ఎక్స్‌పీ ఉంచి, దానికి నెట్టు తగిలించకుండా ఆడుకోవడం ఇంకో దారి.

డిస్కు ఆడకపోయినా డబ్బా పారేయకండి. వెనకున్న కీని కొన్ని స్టోర్లు ఇప్పటికీ తీసుకుని ఖాతాలో గేమ్ చేరుస్తాయి.

ఎస్ఎస్‌డీ వేయించి విండోస్ కొత్తగా కొట్టిస్తే యాక్టివేషన్ పోతుందా?

స్టీమ్, ఎపిక్ లాంటి ఖాతాతో నడిచే గేమ్‌లకి మామూలుగా ఏమీ కాదు. మళ్ళీ లాగిన్ అయితే చాలు. చిక్కంతా ఎన్ని సిస్టమ్‌ల మీద తెరిచారో లెక్కపెట్టే తాళాలతోనే.

2007లో బయోషాక్‌ని మొదట రెండు యాక్టివేషన్లకే కట్టడి చేశారు, గోల లేచాక ఐదు చేశారు, మరుసటి ఏడాది ఆ హద్దే ఎత్తేశారు. 2008 సెప్టెంబరులో స్పోర్ మూడు యాక్టివేషన్లతో వచ్చింది. అమెజాన్‌లో జనం ఒక్క నక్షత్రం రేటింగులతో ముంచెత్తాక ఐదుకి పెంచారు. ఇంత తాళం వేసిన స్పోర్‌నే ఆ ఏడాది టోరెంట్లలో జనం అత్యధికంగా దింపుకున్నారని టోరెంట్‌ఫ్రీక్ అనే వెబ్‌సైటు లెక్కగట్టింది. దొంగని ఆపలేదు, కొన్నవాడి చేతులే కట్టేసింది.

మన దగ్గర ఈ లెక్క ఎంత ఇట్టే అయిపోతుందో కంపెనీలవాళ్ళకి తెలియదు. పిడుగులకి మదర్‌బోర్డు పోతుంది, వోల్టేజీ హెచ్చుతగ్గులకి ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటిచ్చే డబ్బా) పోతూ హార్డ్‌డిస్కుని కూడా పట్టుకుపోతుంది. వైరస్ పట్టిందని ఏడాదికోసారి ఫార్మాట్ కొట్టించడం ఆనవాయితీ. పోయినది ఒకే సిస్టమ్, కానీ సర్వర్ లెక్కలో మూడు సిస్టమ్‌లు.

చీపురుపల్లి కుర్రాడొకడు మదర్‌బోర్డు మార్పించుకుని గేమ్ తెరిస్తే, అనుమతించిన సిస్టమ్‌ల సంఖ్య అయిపోయిందని తెర మీద పడింది. సపోర్టుకి రాస్తే కొన్న రసీదు పంపమన్నారు. కీ ఉన్న కాగితం మీద తమ ఫిర్యాదు నంబరు పెన్నుతో రాసి ఫొటో తీసి పంపమన్నారు. ఆ కాగితం కోసం అటక మీద డబ్బాలన్నీ దింపించాడు పాపం. దొరికింది, యాక్టివేషన్ తిరిగి ఇచ్చారు, కానీ ఈలోగా వాడి సెలవులు అయిపోయాయి.

అందుకని ఫార్మాట్ కొట్టించే ముందు గేమ్‌లో గానీ, గేమ్‌ని తెరిచే కంపెనీ ప్రోగ్రామ్ అయిన లాంచర్‌లో గానీ "డీయాక్టివేట్" అని ఉందేమో చూసి నొక్కండి. కొన్ని పాత గేమ్‌లకి దీనికోసమే విడిగా చిన్న ప్రోగ్రామ్ ఇచ్చారు. కీ కాగితం, రసీదు ఫొటో తీసి మెయిల్‌లో మీకు మీరే పంపుకోండి. సర్వీసుకిచ్చేటప్పుడు ఫలానా గేమ్ ఉందని చెప్పండి. చెప్పకపోతే మాకెలా తెలుస్తాది?

డెనువో అంటే ఏటి? అందరూ తిడతారెందుకు?

ఆస్ట్రియాలో పుట్టిన తాళం. 2014లో ఫిఫా 15తో బయటికొచ్చింది, 2018లో ఇర్డెటో అనే కంపెనీ కొనేసింది. స్టీమ్ లాంటి స్టోరు తాళానికి తోడు ఇంకో తాళం వేస్తుంది. దీనికి సొంత సర్వర్ ఉంటుంది, మీ సిస్టమ్ గుర్తుతో ముడిపడిన టోకెన్, అంటే అనుమతి చీటీ, ఇస్తుంది. విండోస్ పెద్ద అప్‌డేట్ పడినా, ప్రాసెసర్ మార్చినా ఆ టోకెన్ చెల్లకపోవచ్చు. అప్పుడు మళ్ళీ నెట్టు కావాలి. ఒకే రోజులో చాలా సిస్టమ్‌ల మీద తెరిస్తే ఇరవైనాలుగు గంటలు ఆగమని చెప్పే గేమ్‌లూ ఉన్నాయి.

2021 నవంబరులో దీని లొసుగులు రెండు ఒకేసారి బయటపడ్డాయి. అప్పుడే వచ్చిన ఇంటెల్ పన్నెండో తరం ప్రాసెసర్లలో రెండు రకాల కోర్లు ఉంటాయి. కొన్ని తాళాలు రెండో రకం కోర్లని చూసి ఇది వేరే సిస్టమ్ అనుకున్నాయి. ఆడని గేమ్‌ల జాబితాని ఇంటెలే ప్రకటించాల్సి వచ్చింది. అదే నెలలో డెనువో వాడే ఒక డొమైన్ గడువు తీరిపోయి, డబ్బిచ్చి కొన్నవాళ్ళకి కొన్ని గేమ్‌లు గంటల తరబడి తెరుచుకోలేదు.

దీనివల్ల గేమ్ స్లో అవుతుందా అంటే గేమ్‌ని బట్టి ఉంటుంది. తాళం ఎంత తరచుగా, ఏ చోట తనిఖీ చేసుకునేలా పెట్టారన్నదాన్ని బట్టి. రెసిడెంట్ ఈవిల్ విలేజ్ పీసీలో కొన్ని చోట్ల తడబడేది. 2021 జులైలో తాళం పగలగొట్టిన (క్రాక్ చేసిన) కాపీ సాఫీగా నడుస్తోందని బయటపడ్డాక, ఆ గేమ్ తయారుచేసిన కాప్‌కామ్ ప్యాచ్ ఇచ్చి సరిచేసింది. అందులో డెనువోతో పాటు కాప్‌కామ్ సొంత తాళం కూడా ఉంది. ప్రతి గేమ్‌లోనూ ఇంత తేడా ఉంటుందని చెప్పలేం. కానీ ఎనిమిది జీబీ ర్యామ్‌తో, పాత ఐ3 మీద ఈదుకొచ్చేవాడికి కొంచెం బరువు కూడా బరువే. అమ్మకాలు తగ్గాక చాలా కంపెనీలు డెనువో తీసేస్తుంటాయి. ఏడాది ఓపిక పట్టి కొంటే ధరా తగ్గుతుంది, తాళమూ పోవచ్చు.

మా ఊళ్ళో నెట్టు ఉంటే కరెంటుండదు, కరెంటుంటే నెట్టుండదు. ఎప్పుడూ ఆన్‌లైన్ ఉండాలనే గేమ్ కొనొచ్చా?

ఒంటరిగా ఆడుకునే గేమ్‌కి ఆ షరతు ఉంటే నేనైతే కొనను.

పల్లెల్లో చాలా ఇళ్ళకి వచ్చే ఏపీ ఫైబర్‌నెట్ తీగని కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. గాలివానకి స్తంభం ఒరిగితే రెండూ ఒకేసారి పోతాయి. కరెంటు వాళ్ళొచ్చి స్తంభం నిలబెట్టి లైను ఇచ్చేస్తారు, ఫైబర్ అతికేవాడు ఎప్పుడొస్తాడో వాడికే తెలీదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాన్లు చూసినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటూ లేదు, సెల్ సిగ్నలూ లేదు. అప్పుడు ఎవరికీ గేమ్‌ల ధ్యాస లేదనుకోండి. కానీ లైన్లు వచ్చిన తర్వాత కూడా చాన్నాళ్ళు నెట్టు కుంటుతూనే ఉంది.

మన నెట్టు సంగతి అటుంచి, వాళ్ళ సర్వర్లు మాత్రం నిలబడ్డాయా? 2010 మార్చిలో యూబీసాఫ్ట్ అసాసిన్స్ క్రీడ్ 2 పీసీకి ఎడతెగని కనెక్షన్ షరతు పెట్టింది. నెట్టు తెగితే ఆట అక్కడికక్కడే ఆగిపోయేది. విడుదలైన రోజుల్లోనే సర్వర్లు పడిపోయాయి. 2012 మే 15న డయాబ్లో 3 వచ్చినప్పుడు లోకమంతా, సర్వర్లు ఖాళీ లేవని చెప్పే ఎర్రర్ 37 చూసింది. 2013 మార్చిలో సిమ్‌సిటీ కొన్నవాళ్ళు సర్వర్‌లోకి వెళ్ళడానికి క్యూల్లో నిలబడ్డారు. ఆఫ్‌లైన్‌లో ఆడించడం అయ్యే పని కాదని చెప్పినవాళ్ళే ఏడాది తిరిగేసరికి, 2014 మార్చిలో, ఆఫ్‌లైన్ మోడ్ ఇచ్చారు. కుదరక కాదన్నమాట.

కొన్నాక చేసేదేమీ లేకపోతే రౌటర్‌నీ ఫైబర్ డబ్బానీ ఇన్వర్టర్ లైను మీదకి మార్పించుకోండి. కరెంటు పోయినా తీగ బాగుంటే నెట్టు నిలుస్తుంది. రెండో కనెక్షన్‌గా ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోండి. మన వీధిలో ఏ సిమ్‌కి సిగ్నల్ ఉంటే అదే మంచి సిమ్, ప్రకటనలు చూసి కాదు.

ఫోన్ డేటాతో యాక్టివేట్ చేసుకోవచ్చా? రోజుకి ఒకటిన్నర జీబీయే ఉంది.

భేషుగ్గా చేసుకోవచ్చు. యాక్టివేషన్‌కి పోయే డేటా ఏ మూలకీ రాదు. డేటా తినేసేది అప్‌డేట్లు. హాట్‌స్పాట్ పెట్టేముందు స్టీమ్ సెట్టింగుల్లో గేమ్‌లని తెరిచినప్పుడే అప్‌డేట్ చేయమని పెట్టండి, విండోస్‌లో ఆ హాట్‌స్పాట్‌ని మీటర్డ్ (డేటా లెక్కగా వాడే) కనెక్షన్‌గా మార్చండి. లేకపోతే మీరు యాక్టివేట్ చేసేలోపే ఆ రోజు డేటా హుష్‌కాకి.

గేమ్ ఫైళ్ళు మాత్రం నెట్టులోనే దింపాలని లేదు. అదే గేమ్ కొన్న స్నేహితుడి సిస్టమ్‌లో స్టీమ్‌యాప్స్ ఫోల్డర్ లోపల కామన్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులోంచి గేమ్ ఫోల్డర్‌ని ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి తీసుకుని మీ సిస్టమ్‌లో అదే చోట పెట్టండి. తర్వాత స్టీమ్‌లో ఇన్‌స్టాల్ నొక్కితే ఉన్న ఫైళ్ళని గుర్తుపట్టి, తక్కువైనవి మాత్రమే దింపుకుంటుంది. ఇద్దరూ ఒకే వైఫై మీద ఉంటే 2023లో వచ్చిన లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ ఇంకా సులువు. ఇందులో దొంగతనమేమీ లేదు, ఇద్దరి ఖాతాల్లోనూ గేమ్ ఉంటేనే ఆడుతుంది. వంద జీబీ గేమ్‌ని విజయనగరం హాస్టల్ వైఫైలో దింపి, పార్వతీపురం బస్సులో జేబులో పెట్టుకుని పోయే కుర్రాళ్ళున్నారు.

స్టీమ్ ఆఫ్‌లైన్ మోడ్ పెట్టినా గేమ్ తెరుచుకోవట్లేదు. ఎందుకేటి?

నెట్టు పోయాక పెట్టారు గనక. నెట్టు ఉన్నప్పుడే చేసుకోవాల్సిన పనులున్నాయి. లాగిన్ అయ్యేటప్పుడు గుర్తుపెట్టుకోమనే పెట్టెలో టిక్కు పెట్టండి. గేమ్ అప్‌డేట్ పూర్తయ్యేదాకా ఆగండి. సగం దిగిన అప్‌డేట్ ఉంటే ఆఫ్‌లైన్‌లో ఆ గేమ్ మొరాయిస్తుంది. తర్వాత గేమ్‌ని ఒకసారి ఆన్‌లైన్‌లోనే తెరిచి, మెయిన్ మెనూ దాకా వెళ్ళి మూసేయండి. డెనువో టోకెన్ అప్పుడే వస్తుంది. ఆ తర్వాత స్టీమ్ మెనూలో "గో ఆఫ్‌లైన్" నొక్కండి.

ఇవన్నీ చేసినా కొన్ని గేమ్‌లు స్టీమ్‌లోంచి తెరిస్తే వెనక యూబీసాఫ్ట్‌దో, ఈఏదో, రాక్‌స్టార్‌దో ఇంకో లాంచర్ నిద్రలేస్తుంది. దాని లాగిన్ వేరు, దాని ఆఫ్‌లైన్ పద్ధతి వేరు. ఒక ఇంటికి రెండు వీధి తలుపులు పెట్టినట్టు.

ఆన్‌లైన్‌లో ఒకడు నాలుగు వేల గేమ్ నూటయాభైకి "ఆఫ్‌లైన్ యాక్టివేషన్" చేసిస్తానన్నాడు. తీసుకోనా?

వద్దు. వాడు చేసేది ఇది: వాడి ఖాతా పాస్‌వర్డ్ మీకిస్తాడు, లేదా దూరం నుంచే వేరే సిస్టమ్‌ని నడిపించే ఎనీడెస్క్ అనే ప్రోగ్రామ్‌తో మీ సిస్టమ్‌లోకి వచ్చి తనే లాగిన్ అవుతాడు. గేమ్ దింపి, టోకెన్ తెప్పించి, స్టీమ్‌ని ఆఫ్‌లైన్‌లో పెట్టి వెళ్ళిపోతాడు. అదే ఖాతాని ఇంకెందరికో అమ్ముతాడు. మీరు పొరపాటున ఆన్‌లైన్‌కి వెళ్ళినా, విండోస్ అప్‌డేట్ పడినా టోకెన్ పోతుంది. మళ్ళీ వాడినే బతిమాలుకోవాలి, వాడి ఫోను స్విచ్చాఫ్ వస్తుంది. స్టోరు నిబంధనలకి ఇది పూర్తిగా విరుద్ధం, ఆ గేమ్ మీ ఖాతాలోకి ఎప్పటికీ రాదు. పైగా ముక్కూమొహం తెలియనివాణ్ణి ఎనీడెస్క్‌లో మీ సిస్టమ్‌లోకి రానిచ్చారు. అదే సిస్టమ్‌లో మీ నాన్నగారి బ్యాంకు పాస్‌వర్డులుంటాయి.

చవక కీలు అమ్మే సైట్ల సంగతీ అంతంతమాత్రమే. వేరే దేశం కోసం అమ్మిన కీ ఇక్కడ పనిచేయకపోవచ్చు. దొంగిలించిన కార్డుతో కొన్న కీ అయితే, అసలు కార్డువాడు డబ్బు వెనక్కి తీసుకోగానే మీ గేమ్ మాయం. స్టీమ్ 2015 నవంబరు నుంచి మన రూపాయల్లోనే అమ్ముతోంది, యూపీఐతో కట్టొచ్చు. చాలా గేమ్‌ల ధర డాలరు ధర కన్నా తక్కువే. సేల్ దాకా ఆగండి.

నేను కొన్నాను కదా, క్రాక్ వేసుకుంటే తప్పేటి?

మనసుకి తప్పనిపించకపోవచ్చు, చట్టం దగ్గర అంత సులువు కాదు. నేను వకీలుని కాను, చట్టంలో ఉన్నది చెబుతాను. కాపీరైట్ చట్టం 1957లోని 52వ సెక్షన్ ప్రకారం, ప్రోగ్రామ్ కాపీ న్యాయంగా మన దగ్గరుంటే, పోకుండా పాడవకుండా బ్యాకప్ తీసుకోవచ్చు. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక తాళాన్ని ఛేదిస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే 63బీ సెక్షన్ ఉంది. ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. లాభం కోసం కాదని తేలితే కోర్టు జైలు లేకుండా యాభై వేల లోపు జరిమానాతో వదిలేయవచ్చు.

ఇక నా బల్ల మీద కనిపించేది చెబుతాను. క్రాక్ ఫైలుతో పాటు వచ్చేవాటిలో మీ గ్రాఫిక్స్ కార్డుతో దొంగతనంగా క్రిప్టో తవ్వుకునేవి, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు ఎత్తుకుపోయేవి ఉంటాయి. ఎత్తుకుపోయేవాటిలో మొదటిది మీ స్టీమ్ ఖాతాయే. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమని రాసి ఉన్నచోట ఇక ఆలోచించక్కర్లేదు. కంపెనీ తాళం అన్యాయమే, కానీ దానికి విరుగుడు ఊరూపేరూ లేనివాడికి సిస్టమ్ అప్పగించడం కాదు.

కంపెనీ సర్వర్ మూసేస్తే నా గేమ్ ఏమవుతుంది?

గేమ్‌ని బట్టి. కొన్నిటికి ఏమీ కాదు, కొన్నిట్లో మల్టీప్లేయర్ మాత్రం పోతుంది, కొన్ని పూర్తిగా చచ్చిపోతాయి.

మైక్రోసాఫ్ట్ గేమ్స్ ఫర్ విండోస్ లైవ్ అని 2007లో ఒక ఆన్‌లైన్ సేవ పెట్టింది. 2013 ఆగస్టులో దాని అంగడి మూసేసింది. దాన్ని నమ్ముకున్న జీటీఏ 4ని 2020 జనవరిలో స్టీమ్‌లో అమ్మడం ఆపేశారు, కారణం కొత్త కీలు పుట్టించలేకపోవడం. మార్చిలో ఆ తాళం తీసేసి, మల్టీప్లేయర్ కూడా తీసేసి మళ్ళీ పెట్టారు. ట్రాన్ ఎవల్యూషన్ పరిస్థితి ఇంకా ఘోరం. 2019లో సెక్యూరోమ్‌తో ఒప్పందం ముగిసేసరికి కొన్నవాళ్ళకి అది తెరుచుకోవడమే మానేసింది. గేమ్‌లో లోపం లేదు, తాళం అద్దె కట్టలేదంతే.

వీటన్నిటికన్నా పెద్ద దుమారం ది క్రూ వల్ల లేచింది. 2014 డిసెంబరులో వచ్చిన కార్ల గేమ్. ఒంటరిగా ఆడుకునే కథ ఉన్నా సర్వర్ తప్పనిసరి. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సర్వర్లు మూసేసింది, తర్వాత కొన్నవాళ్ళ ఖాతాల్లోంచి లైసెన్సులు కూడా లాగేసుకుంది. ఆ ఏప్రిల్‌లోనే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" ఉద్యమం మొదలుపెట్టాడు. అమ్మిన గేమ్‌ని మూసేటప్పుడు ఏదో ఒక రకంగా ఆడుకునే స్థితిలో వదిలివెళ్ళండి అన్నదే వాళ్ళ కోరిక. యూరోపియన్ యూనియన్‌కి వాళ్ళు పెట్టిన వినతికి 2025లో పది లక్షలకు పైగా సంతకాలొచ్చాయి. ది క్రూ 2కి అదే ఏడాది ఆఫ్‌లైన్‌లో ఆడే దారి ఇచ్చారు. అడగందే అమ్మయినా పెట్టదన్నారు కదా.

కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. డిజిటల్ గేమ్ అమ్మేవాడు, అది లైసెన్సు మాత్రమేనని కొనేముందే స్పష్టంగా చెప్పాలి. స్టీమ్ అంతకు ముందే, 2024 అక్టోబరులో, డబ్బు కట్టే పేజీలో ఆ మాట రాయడం మొదలుపెట్టింది. మనకీ కనిపిస్తుంది, చదివేవాళ్ళే తక్కువ. శాశ్వతంగా దింపుకుని నెట్టు లేకుండా వాడుకోగల వస్తువులకి ఆ చట్టం వర్తించదు.

అయితే తాళం లేని గేమ్‌లు ఎక్కడ దొరుకుతాయి?

జీఓజీలో. పోలండ్ వాళ్ళది, 2008 నుంచి ఉంది. లాంచర్ అక్కర్లేదు, ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ దింపి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో పెట్టుకుంటే ఏ తుఫానొచ్చినా మీ గేమ్ మీ దగ్గరే. అయితే దింపుకుని పెట్టుకోవాలి. ఖాతాలో ఉంది కదా అని వదిలేస్తే స్టీమ్‌కీ దానికీ తేడా లేదు. కొత్త పెద్ద గేమ్‌లు అక్కడ ఆలస్యంగా వస్తాయి, కొన్ని అసలు రావు.

స్టీమ్‌లో కొనేటప్పుడు గేమ్ పేజీ కుడివైపు, రంగు పట్టీలో థర్డ్ పార్టీ డీఆర్ఎం (బయటి కంపెనీ తాళం) గురించీ, వేరే ఖాతా అవసరం గురించీ రాసి ఉంటుంది. పీసీగేమింగ్‌వికీ అనే సైటులో ఏ గేమ్‌కి ఏ స్టోరులో ఏ తాళం ఉందో విడివిడిగా ఉంటుంది. స్టీమ్‌లో అమ్మే చిన్న గేమ్‌లు కొన్ని స్టీమ్ లేకుండానే తెరుచుకుంటాయని అక్కడే తెలుస్తుంది.

కొత్త గేమ్ సెక్యూర్ బూట్ ఆన్ చేయమంటోంది. చేయొచ్చా?

ఇది కాపీ తాళం కాదు, మోసగాళ్ళని ఆపే యాంటీచీట్. సెక్యూర్ బూట్ అంటే సిస్టమ్ మొదలయ్యేటప్పుడు నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌నే తెరవనిచ్చే సెట్టింగు. బాటిల్‌ఫీల్డ్ 6 దాన్ని అడుగుతుంది, వాలరెంట్ విండోస్ 11లో టీపీఎం (కీలు దాచే భద్రతా చిప్) కూడా అడుగుతుంది. మీ డిస్కు భాగాల పట్టీ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే బయాస్‌లో సెట్టింగు మార్చగానే విండోస్ బూట్ అవ్వదు. ముందు జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి, దానికంటే ముందు ఫొటోలూ సర్టిఫికెట్లూ బ్యాకప్ తీయాలి. డిస్కుకి విండోస్ వేసే తాళం, బిట్‌లాకర్, ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి. యూట్యూబ్ చూస్తూ రాత్రి ఒంటిగంటకి చేసే పని కాదిది.

బాబూ, మావాడు నా కార్డుతో గేమ్ కొన్నాడు, అది పనిచెయ్యడం లేదట. డబ్బులు వెనక్కి వస్తాయా?

స్టీమ్‌లో అయితే కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటల లోపు ఉంటే కారణం అడక్కుండా ఇస్తారు. లాంచర్ తెరిచి యాక్టివేషన్‌తో కుస్తీపట్టిన సమయం కూడా ఆ రెండు గంటల్లో కలిసిపోవచ్చు, గడియారం మీద కన్నేసి ఉంచమనండి. జీఓజీలో 30 రోజులు. కీ కొంటే మాత్రం, వాడేశాక తిరిగి తీసుకోవడం అరుదు.

డబ్బు ఇవ్వనంటే మన చట్టం ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మన దేశంలో అమ్మే సైటుకి ఫిర్యాదుల అధికారి ఉండాలి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. దాని తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. శ్రీకాకుళంలోనూ ఉంది, విజయనగరంలోనూ ఉంది. ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. రెండు వేల గేమ్ కోసం కమిషన్ దాకా ఎవరు తిరుగుతారంటారా, 1915కి చేసే ఫోను ఖర్చు లేనిదే కదా. ఎర్రర్ స్క్రీన్‌షాట్, రసీదు, సపోర్టువాళ్ళ జవాబులు దగ్గర పెట్టుకుని మాట్లాడండి.

నేను ఆడేసిన గేమ్ మా తమ్ముడికి ఇచ్చేయొచ్చా?

సీడీ రోజుల్లోలా ఇచ్చేయడం కుదరదు, అమ్మడమూ కుదరదు. ఒకే ఇంట్లో ఉంటే స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఆరుగురి దాకా చేరి ఒకరి గేమ్‌లు ఒకరు ఆడుకోవచ్చు. ఒకరు బయటికెళ్తే ఆ స్థానం ఏడాది దాకా ఖాళీగానే ఉంటుంది. తమ్ముడు మీ గేమ్‌లో చీట్ వాడి దొరికితే నిషేధం మీకూ పడుతుంది. తమ్ముణ్ణి బట్టి నిర్ణయించుకోండి. అన్ని గేమ్‌లకీ ఈ సదుపాయం ఉండదు, వేరే లాంచర్ అడిగేవి చాలావరకు రావు.

యాక్టివేషన్ సరిచేస్తామని ఫోన్ చేసి కోడ్ అడుగుతున్నారు. చెప్పొచ్చా?

చెప్పకండి. ఏ గేమ్ కంపెనీ మీకు ఫోన్ చేయదు. వాళ్ళడిగేది స్టీమ్ గార్డ్ కోడ్, అంటే లాగిన్‌కి వచ్చే రహస్య కోడ్, అది చెబితే ఖాతా వాళ్ళదవుతుంది. ఇప్పటికే చెప్పేసి ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చి, అన్ని సిస్టమ్‌ల నుంచీ లాగౌట్ చేయండి. కార్డులో గానీ యూపీఐలో గానీ డబ్బు పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.